ఓడలో గది నెన్నుకొనుట

మహాశివరాత్రినాడు మా కోటప్పకొండ క్రింద ప్రభలు కదలివచ్చుట చూచిన సోదరీమణులకు ఓడను గూర్చి వేరుగా జెప్పవలసిన పనిలేదు. అడుగున బండి జానెడు ఒరిగిన, ప్రభ కొన బారెడు ఊగును. మోకులు పట్టినవారికి ప్రాణములు అరచేత నుండును. ఓడయు నట్టిదే. ఈ సంగతి ముందుగా తోపక మావారి యక్కగారు మిక్కిలి బాధపడిరి.

2022 జూన్ మాసమున 'ఎంప్రెస్' అను విహారనౌక విశాఖపట్టణమునుండి చెన్నపట్టణమునకు యాత్రికులను గొనిపోయెను. 2023లో విశాఖ రేవునందు విహారనౌకలకై ప్రత్యేకముగా నొక ఘట్టమును దెరచిరి. నాటినుండి మన యిండ్లలో సముద్రయానపు ముచ్చట లెక్కువైనవి. పూర్వము పొట్టకూటికై రంగూను పోయిన మన పేదలకు డెక్కుమీద పరచిన చాపయే గది. నేడు ధనమిచ్చి గదిని గోరుకొనవచ్చును. ఆ కోరుకొనుటయందే యున్నది చిక్కు.

అక్కగారికి టిక్కెట్ల నమ్మినవాడు "పైయంతస్తు, ముందుభాగము, బాల్కనీ కూడ" అని యూరించి యెక్కువ వెల గైకొనెను. అది నైరృతి ఋతుపవనముల కాలము. ఎదురలలపై ఓడముక్కు లేచుచు బడుచుండగా నామె రెండు రాత్రులు మంచము దిగలేదు. బాల్కనీ తలుపు తెరువనే లేదు.

ఓడ ముందువెనుకలకు నూగును, ప్రక్కలకు నూగును. రెంటికిని ఇంచుమించు నడిమిభాగమే యిరుసు. కావున పొడవులో నడుమను, నీటిమట్టమునకు దాపునను ఉన్న గదియే నిలుకడగలది. పెద్ద యోడలు నీటిలో రెక్కలవంటివి చాచి ప్రక్కయూపును దగ్గించుకొనును గాని, ముందువెనుకల యూపున కవి యంతగా నక్కఱకు రావు.

అంతటితో దీరలేదు. ఓడ పటమును ముందే తెప్పించుకొని, మన గదికి పైన నేమున్నదో క్రింద నేమున్నదో చూడవలెను. పైన భోజనశాల యున్న, తెల్లవారకమునుపే కుర్చీల నీడ్చు చప్పుడు. నాట్యశాల యున్న, అర్ధరాత్రము దాటువరకు మన నెత్తిమీదనే తాండవము. వెనుకకొసను యంత్రముల యదురు, ముందుకొసను లంగరు గొలుసు మ్రోత. పైనను క్రిందను గదులే యున్న గది మేలు. మోకాళ్ళ నొప్పులవారికి లిఫ్టు దాపున నుండవలెను, ఎదురుగా మాత్రము వలదు.

కిటికీలేని లోపలిగదికి వెల తక్కువ. కాని తల తిరుగువారికి దూరమున ఆకాశము నీటిని దాకు గీతను చూచుచుండుట కొంత యుపశమనము. అందుచే మేము మా యత్తగారికి గుండ్రని చిన్న కిటికీగల గదినే తీసికొంటిమి. విశాఖనుండి దక్షిణమునకు బోవునపుడు తీరము కుడివైపునను, సూర్యోదయ మెడమవైపునను ఉండును. మఱలివచ్చునపుడు తారుమారు. సూర్యునికి మ్రొక్కక అత్తగారు కాఫీ ముట్టరు గనుక ఎడమవైపే కుదిర్చితిమి.

"అడుగంతస్తున గదియా! నలుగురేమనుకొందురు?" అని మావారు సణిగిరి. డెబ్బదియేండ్ల తల్లి వాంతులతో సొమ్మసిల్లిన, ఆ నలుగురు వచ్చి తలపట్టుకొందురా యని మేమును గట్టిగానే యడిగితిమి.

మఱునాటి యుదయమున అత్తగారు లేచి, "అమ్మాయీ, ఓడ యింకను గదలలేదా?" అనిరి. కదలి రాత్రియంతయు నడచినదని చెప్పిన నమ్మలేదు. కిటికీ పళ్ళెమంతైనను లేదని మాత్రము ఇంటికి వచ్చువరకు దెప్పుచునే యుండిరి.