31 శాతం ఓట్లు, 15 సీట్లు

1955 ఫిబ్రవరిలో ఆంధ్ర రాష్ట్రానికి మధ్యంతర ఎన్నికలు జరిగాయి. ఈసారి అధికారం కమ్యూనిస్టులదేనని గుంటూరు పల్లెల్లోనే కాదు, ఢిల్లీలోనూ చాలామంది అనుకున్నారు. కంకి కొడవలికి 31 శాతం ఓట్లు పడ్డాయి. 196 స్థానాల్లో దక్కినవి మాత్రం 15. మూడేళ్ల ముందు ఇంతకంటే తక్కువ ఓట్లతోనే ఆంధ్ర ప్రాంతపు 140 స్థానాల్లో 41 గెలిచిన పార్టీ అది.

మారింది జనం మనసు కాదు, అవతలి పక్షాల పొందిక. 1952లో విడివిడిగా నిలబడి ఓట్లు చీల్చుకున్నవాళ్లు 1955లో ఒక్కటయ్యారు.

ఆ చీలిక ఎక్కడిదో తెలియాలంటే 1951కి వెళ్లాలి. ఆంధ్ర ప్రాంత కాంగ్రెస్ అధ్యక్ష పదవి పోటీలో నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయారు. ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం, రంగా ఇద్దరూ కాంగ్రెస్‌ను వదిలారు. రంగా కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. ప్రకాశం ప్రజా పార్టీ దారి పట్టారు. అలా 1952లో గుంటూరు ప్రాంతపు మెట్ట, మాగాణి నేలల ఓటరు ముందు నాలుగు దారులు నిలిచాయి. సొంత పొలం ఉన్న రైతు కోసం ఒక పార్టీ, కూలీ కోసం, కౌలుదారు కోసం, విశాలాంధ్ర కోసం మరొకటి. ఎవరు ఎవరి పక్షమో ఊరందరికీ తెలుసు. ఆ స్పష్టత మన రాజకీయాల్లో మళ్లీ కనిపించలేదని నా నమ్మకం.

దానికి మూల్యమూ ఉంది. 1952లో మద్రాసు శాసనసభలో ఎవరికీ మెజారిటీ రాలేదు. 1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం ప్రభుత్వం మరుసటి ఏడు నవంబరులో, మద్యనిషేధం వివాదంలో, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఇంకా చీలి ఉంటే కమ్యూనిస్టులే గెలుస్తారన్న భయంతో 1955లో కాంగ్రెస్, కృషికార్ లోక్, ప్రజా పార్టీలు జట్టుకట్టాయి. రంగా పార్టీకి 22 సీట్లు వచ్చాయి. కొద్దికాలానికే అది కాంగ్రెస్‌లో కలిసిపోయింది. రైతు పేరుతో పుట్టిన పార్టీ పట్టుమని ఐదేళ్లు బతకలేదు.

అదే ఫిన్లాండ్‌లో 1906లో పుట్టిన వ్యవసాయదారుల పార్టీ, 1965లో సెంటర్ పార్టీగా పేరు మార్చుకుని, నేటికీ పార్లమెంటులో ఉంది. నెదర్లాండ్స్‌లో 2019లో మొదలైన రైతుల పార్టీకి 2023 నవంబరు ఎన్నికల్లో ఐదు శాతం కూడా ఓట్లు రాలేదు. అయినా 150 స్థానాల్లో ఏడు దక్కాయి, తర్వాత వ్యవసాయ మంత్రి పదవీ వచ్చింది. అక్కడి రైతులు మనవాళ్లకంటే ఐక్యంగా ఉన్నారని కాదు. అక్కడ ఓట్ల వాటాను బట్టి సీట్లు పంచుతారు. ఆ లెక్కన 1955 కమ్యూనిస్టులకు 61 సీట్లు రావాలి. ప్రభుత్వం ఏర్పడడానికి అక్కడ నెలలు పడుతుంది, కూలడమూ మామూలే. ఆ ఇబ్బందిని భరించడానికి వాళ్లు సిద్ధపడ్డారు.

మన దగ్గర 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు అదే 39 శాతం, 11 సీట్లు. ఉమ్మడి గుంటూరు జిల్లాలోని 17 స్థానాల్లో 2019లో తెలుగుదేశానికి రెండే దక్కితే, 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. ఆ పార్టీకి ఓటేసిన లక్షల మంది తరఫున ఈ జిల్లా నుంచి గెలిచిన ఎమ్మెల్యే లేడు. రెండుసార్లూ నష్టపోయింది పార్టీలే అనుకుంటే పొరపాటు.

మిర్చి రైతునే చూడండి. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు పేరుకున్నప్పుడు అధికార పక్షం ఢిల్లీకి లేఖలు రాసింది, వైఎస్సార్ కాంగ్రెస్ అధినేత యార్డుకు వచ్చారు. కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. పత్తికి మద్దతు ధర ఉంది, మిర్చికి లేదు. పల్నాడులో ఎకరానికి ముందే కౌలు చెల్లించి మిరప వేసినవాడు, పంట పోయినా ఆ డబ్బు వెనక్కి అడగలేడు. అతని ఓటు కోసం పోటీపడే రెండు పెద్ద పార్టీలకూ భూయజమాని ఓటు కూడా కావాలి. అందుకే కౌలుదారుకు గుర్తింపునిచ్చే కౌలు కార్డుకు కావలసిన యజమాని సంతకం దగ్గర ఇద్దరూ ఆగిపోతారు. కౌలుదారులది మాత్రమే అయిన పార్టీ పుడితే పది నియోజకవర్గాల్లో పదేసి శాతం తెచ్చుకున్నా, మన పద్ధతిలో దానికి ఒక్క సీటూ రాదు.

లోక్‌సభ స్థానాలను పాతిక శాతం పెంచి, ఆ పెంచినవాటిని ఓట్ల వాటా ప్రకారం నింపే ఆలోచనను లా కమిషన్ 1999లో తన 170వ నివేదికలో ముందుపెట్టింది. నియోజకవర్గానికి ఒక ప్రతినిధి ఉంటాడు, ఓడిన ఓటుకూ విలువ ఉంటుంది. ఆ పద్ధతిని శాసనసభకూ తేవాలని అడిగే హక్కు అందరికంటే ముందు గుంటూరు, ప్రకాశం జిల్లాల ఓటర్లకు ఉంది.