మతి ఎక్కడ పోతుంది?

పెద్దవాళ్ళు అడిగిందే అడుగుతూంటే "చాదస్తం" అని విసుక్కుంటాం. మా తంబళ్లపల్లెలో అయితే "మతి పోయింది" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. అసలీ మతి అనేది మెదడులో ఎక్కడుంటుందో, ఎలా పోతుందో శాస్త్రజ్ఞులు కొంతవరకు పట్టుకోగలిగారు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణం నుంచి మరొక కణానికి కబురు అందే కూడలిని "సినాప్స్" అంటారు. సాధారణంగా అక్కడ రెండు కణాలకూ నడుమ వెంట్రుక మందంలో వెయ్యోవంతైనా లేని సందు వుంటుంది. దాన్ని దాటించేది రసాయనం.

మదనపల్లె టమేటా మండీని తలచుకోండి. సరుకు దిగినంత మాత్రాన బేరం తెగుతుందా? పెట్టెలు దించేవాళ్ళు, పాట పాడేవాళ్ళు, లెక్క రాసే గుమాస్తాలు ఎవరి చోట వాళ్ళుండాలి. సినాప్స్‌లో ఆ పనులన్నీ ప్రోటీన్లు జట్లుకట్టి చేస్తాయి. పి.ఎస్.డి.-95 అనే ప్రోటీను వాటికి మేస్త్రీ వంటిది. ఆ ఒక్కటీ లోపించిన ఎలుకలు నేర్చుకోవడంలో వెనకబడ్డాయని 1998లో తేలింది. 2011లో సేత్ గ్రాంట్ బృందం మనిషి మెదడులోని ఈ జట్లలో 1,461 ప్రోటీన్లను గుర్తించింది. వాటి జన్యువుల్లో లోపాల వల్ల మూర్ఛ, ఆటిజం, ఆల్జైమర్స్ మొదలుకొని 130కి పైగా జబ్బులు వస్తాయని చెప్పింది.

మా అత్తగారు ఒకనాడు నన్ను చూసి "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. ఇంట్లో అందరూ నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వలేదు, బెదిరిపోయి చూశారు. ఇటువంటి మరుపు ఒక్కరోజులో పుట్టేది కాదు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో చదివిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ బృందం 2018లో ఆల్జైమర్స్ లక్షణాలున్న ఎలుకలపై చేసిన పరిశోధన ఈ సంగతే చెబుతుంది. సినాప్స్‌కు వాసాల వంటివి ఆక్టిన్ అనే ప్రోటీను పోగులు. ఎలుకకు నెల వయసులోనే అవి విడిపోసాగాయి. జ్ఞాపకం తడబడింది రెండో నెలలో! పోగులను తిరిగి కూర్చే మందిస్తే జ్ఞాపకం తేరుకుంది. అయితే అది ఎలుకల మాట; మనుషులకింకా మందు కాలేదు.

మనుషుల్లో ఈ పోకడను ముందే కనిపెట్టాలని ఆవిడ బెంగుళూరులో నెలకొల్పిన మెదడు పరిశోధన కేంద్రం, మదనపల్లెకు పొరుగునే, సరిహద్దుకు ఆవలనున్న శ్రీనివాసపురం పల్లెల్లో 45 ఏళ్ళు దాటినవారిని ఏళ్ళతరబడి పరీక్షిస్తూ వస్తోంది. మామిడితోటల రైతులు, తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో వున్న తాలూకా అది. పదివేలమందిని పరిశీలించాలన్నది సంకల్పం.

మరి మన ఇళ్ళలో ఏం చెయ్యాలి? మరుపు ముదురుతూంటే వైద్యునికి చూపించండి. బి-12 విటమిను కొరతవల్ల, థైరాయిడ్ లోపంవల్ల వచ్చే మరుపు చికిత్సతో చాలావరకు నెమ్మదిస్తుంది. రక్తపు పోటునూ, మధుమేహాన్నీ అదుపులో పెట్టడం మెదడుకు మేలు. కాలు విరిగినవాణ్ణి నడవమని కసరుకోము కదా! కూడలి చెదిరిన మతిని కసురుకోవడం మాత్రం ఏం న్యాయం?