కొత్త తుపాకులకు ‘వేలిముద్రలు’: మేరీల్యాండ్ అనుభవం ఏం చెబుతోంది?

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్ర పోలీసు ప్రధాన కార్యాలయం అడుగున, ఒకప్పుడు అణుదాడి నుంచి తలదాచుకునేందుకు ఉద్దేశించిన నేలమాళిగలో, మూడు లక్షలకు పైగా ఇత్తడి తొడుగులు పోగయ్యాయి. ప్రతి ఒక్కటీ ఒక కొత్త పిస్తోలు నుంచో, రివాల్వర్ నుంచో పేల్చిన తూటా తాలూకు ఖాళీ తొడుగు. తయారీదారు ప్రతి చేతి తుపాకీతో పాటు అటువంటి తొడుగును సీలు వేసి పంపాలనీ, అమ్మకం జరిగాక దుకాణదారు దానిని పోలీసులకు అందజేయాలనీ 2000లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. దాదాపు 50 లక్షల డాలర్లు ఖర్చయిన తరువాత, 2015లో ఆ నిబంధనను రద్దు చేసింది.

ఆలోచనలో శాస్త్రం లేకపోలేదు. ట్రిగ్గర్ నొక్కగానే ఫైరింగ్ పిన్ తూటా అడుగుభాగాన్ని తాకుతుంది. మందు పేలిన ఒత్తిడికి తొడుగు వెనుకనున్న ఉక్కు గోడకు బలంగా ఒత్తుకుంటుంది. తయారీలో ఆ ఉక్కుపై మిగిలిపోయిన సన్నని గీతలు మెత్తని ఇత్తడిపై అచ్చుపడతాయి. నేరస్థలంలో దొరికిన తొడుగును ముందే భద్రపరచిన తొడుగులతో పోల్చితే, ఆ తుపాకీ ఎవరికి అమ్మినదో తెలుస్తుందన్నది చట్టకర్తల ఆశ.

‘వేలిముద్ర’ అన్న పేరు ఆకర్షణీయమే గానీ, పోలిక పూర్తిగా కుదరదు. మనిషి వేలిముద్ర జీవితాంతం మారదు. తుపాకీ ముద్ర వాడకంతో అరుగుతుంది. ఆకురాయితో రుద్దినా, పిన్ను మార్చినా ఆనవాలు మారిపోతుంది. పైగా రివాల్వర్ ఖాళీ తొడుగును బయటకు విసరదు. నేరస్థుడు దానిని జేబులో పెట్టుకున్నట్టే తీసుకుపోతాడు.

అసలు చిక్కు సంఖ్యలో ఉంది. కంప్యూటర్ ‘ఇదే ఆ తుపాకీ’ అని తేల్చి చెప్పదు. దగ్గరగా ఉన్న వాటి జాబితా మాత్రమే ఇస్తుంది. ఆపై నిపుణుడు సూక్ష్మదర్శిని ముందు కూర్చుని ఒక్కొక్కటీ సరిచూడాలి. ఒకే కర్మాగారంలో, ఒకే పనిముట్లతో తయారైన వేల పిస్తోళ్లు ఆ భాండాగారంలో చేరేకొద్దీ, ఒకదానినొకటి పోలిన ముద్రలూ పెరుగుతాయి. కాలిఫోర్నియా ప్రభుత్వ ఫోరెన్సిక్ విభాగం ఒకే నమూనాకు చెందిన 792 పిస్తోళ్లతో దీనిని పరీక్షించింది. ఒకే కంపెనీ తూటాలు వాడినప్పుడు 38 శాతం సందర్భాల్లో కంప్యూటర్ సరైన తుపాకీని ముందు వరుసలో చూపలేకపోయింది. వేరే కంపెనీ తూటాలు వాడినప్పుడు వైఫల్యం 62 శాతానికి చేరింది. కొత్త తుపాకులన్నింటికీ జాతీయ భాండాగారం ఏర్పాటు చేయవద్దని 2008లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి సంఘం సూచించింది. మేరీల్యాండ్ వంటి పథకాన్నే నడిపిన న్యూయార్క్ 2012లో దానిని నిలిపివేసింది.

ముద్ర సరిపోయినా దొరికేది తొలి కొనుగోలుదారు పేరే. ఈలోగా తుపాకీ దొంగతనానికి గురై ఉండవచ్చు, పలు చేతులు మారి ఉండవచ్చు. మేరీల్యాండ్ భాండాగారం ఉపయోగపడిందని పోలీసులు లెక్క చెప్పిన 26 సందర్భాల్లో, తాము ఏ తుపాకీ కోసం వెతుకుతున్నదీ దర్యాప్తు అధికారులకు అప్పటికే తెలుసు.

2002 అక్టోబరులో వాషింగ్టన్ పరిసరాలను వణికించిన వరుస కాల్పుల్లో పది మంది మరణించినప్పుడు, ఇటువంటి చట్టం దేశమంతటా కావాలన్న వాదన ఊపందుకుంది. ఆ వాదన వెనుక ఉన్న బాధ అర్థం చేసుకోదగినదే. కానీ హంతకులు వాడింది చేతి తుపాకీ కాదు, రైఫిల్. అదీ దేశానికి ఆ చివర టకోమా నగరంలోని దుకాణం నుంచి మాయమైనది. మేరీల్యాండ్ నేలమాళిగలో దాని ఆనవాలు ఉండే అవకాశమే లేదు. అయితే వేర్వేరు చోట్ల జరిగిన కాల్పులు ఒకే ఆయుధంతో జరిగాయని తేల్చింది మాత్రం బాలిస్టిక్ పరీక్షే.

ఈ తేడాను గమనించాలి. అమ్మిన ప్రతి తుపాకీ ముద్రనూ దాచడం వేరు, ఒక నేరంలో దొరికిన ఆనవాలును మరో నేరంలో దొరికిన దానితో పోల్చడం వేరు. రెండవ పద్ధతి ఫలించిన ఉదాహరణ మన పొరుగునే ఉంది. 2015 ఆగస్టు 30న ధార్వాడలో ఎం.ఎం. కల్బుర్గి, 2017 సెప్టెంబరు 5న బెంగళూరులో గౌరీ లంకేశ్ తమ ఇళ్ల వద్దే హత్యకు గురయ్యారు. రెండు హత్యల్లోనూ వాడింది ఒకే 7.65 మిల్లీమీటర్ల నాటు పిస్తోలని 2018లో ఫోరెన్సిక్ నివేదిక తేల్చింది. అప్పటికి పిస్తోలు పోలీసుల చేతికి చిక్కలేదు; ఆధారాలు తూటాలు, ఖాళీ తొడుగులే. రెండేళ్ల ఎడంతో, రెండు నగరాల్లో సాగుతున్న రెండు దర్యాప్తులు దానితో ముడిపడ్డాయి.

ఆ పిస్తోలు ఏ లైసెన్సు పొందిన దుకాణంలోనూ అమ్ముడుపోయినది కాదు. గుర్తింపు ముద్ర లేని తుపాకీని అమ్మడాన్ని మన 1959 నాటి ఆయుధ చట్టం నిషేధించింది, కానీ నాటు తుపాకీ చేసేవాడు నంబరు వేయడు. అటువంటి ఆయుధం తన మొదటి ఆనవాలును వదిలేది నేరస్థలంలోనే. దానిని జాగ్రత్తగా ఏరి, ప్రయోగశాలకు పంపి, పొరుగు రాష్ట్రం నిపుణుడు కూడా పోల్చి చూడగలిగేలా భద్రపరచాలి. ఇక మేరీల్యాండ్ తొడుగుల విషయానికొస్తే, రద్దు చట్టమే వాటిని తుక్కుగా అమ్ముకోవచ్చునని పోలీసులకు అనుమతి ఇచ్చింది.