నిమ్మకాయల బస్తాలో మోల్ కాన్సెప్ట్

ఇంటర్ ఫస్టియర్‌లో నన్ను బాగా ఏడిపించిన అంకె 35.5. క్లోరిన్ పరమాణు భారం. ప్రోటాన్‌లో సగం, న్యూట్రాన్‌లో సగం ఉండవు కదా, మరి ఈ అర ఎక్కడిది? అడిగితే "ముందు బట్టీ పట్టు" అన్నారు. పట్టాను. మోల్ కాన్సెప్ట్ టెస్టులో ఇరవైకి నాలుగొచ్చాయి. కెమిస్ట్రీ మనకి రాదులే అని డిసైడైపోయాను.

ఆ సెలవుల్లో నాన్నతో తెనాలి నిమ్మ యార్డుకి వెళ్లాను. ఆయన అక్కడ కాటా దగ్గర పనిచేస్తారు. చిల్లరగా అమ్ముకునే ఒకాయన "ఈ బస్తాలో ఎన్ని కాయలుంటాయి?" అనడిగాడు. నాన్న లెక్కపెట్టలేదు. కొన్ని కాయలు తూచి, సగటు చూసి, బస్తా బరువుని దాంతో భాగించి చెప్పేశారు.

"ఆ సగటు కాయేదో చూపించు నాన్నా" అన్నాను నవ్వుతూ.

"సగటు కాయంటూ ఉండదురా. చిన్నవీ పెద్దవీ కలిస్తే వచ్చే లెక్క అది."

అక్కడ వెలిగింది నాకు.

ప్రతి నాలుగు కాయల్లో మూడు 35 గ్రాములవి, ఒకటి 37 గ్రాములది అనుకోండి. మొత్తం 142. నాలుగుతో భాగిస్తే 35.5. బస్తా అంతా వెతికినా 35.5 గ్రాముల కాయ ఒక్కటీ దొరకదు! క్లోరిన్ కథా ఇదే. అన్ని అణువుల్లో... కాదు, అన్ని పరమాణువుల్లోనూ ప్రోటాన్లు 17. న్యూట్రాన్లు మాత్రం కొన్నిట్లో 18, కొన్నిట్లో 20. ఇవే ఐసోటోపులు. ప్రకృతిలో మొదటి రకం సుమారు 76 శాతం, రెండోది 24 శాతం. సరిగ్గా మూడుకి ఒకటి కాదు, అసలు విలువ కూడా 35.45కి దగ్గర. చినగంజాం ఉప్పులోనూ ఈ రెండూ కలిసే ఉంటాయి. రసాయన గుణాలు ప్రధానంగా ఎలక్ట్రాన్లని బట్టి ఉంటాయి గనక నాలుకకి తేడా తెలీదు.

ఇక మోల్. 35.5 కిలోల బస్తాలో వెయ్యి కాయలు. 35.5 గ్రాముల క్లోరిన్‌లో 6.022×10²³ పరమాణువులు. లెక్కపెట్టలేనిదాన్ని తూచి తెలుసుకోవడం, అంతే. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076×10²³ అని ఖాయం చేశారు. కానీ దేన్ని లెక్కపెడుతున్నామో ముందే చెప్పాలి. క్లోరిన్ వాయువులో పరమాణువులు జంటలుగా ఉంటాయి, కాబట్టి ఒక మోల్ వాయువు 71 గ్రాములు. టెస్టులో నా మార్కులు పోయింది ఇక్కడే.

ఈ బరువు తేడా చిన్నదేం కాదు. హైడ్రోజన్‌కి రెట్టింపు బరువున్న తోబుట్టువు డ్యుటీరియం. మణుగూరు భారజల కర్మాగారం ఉన్నదే ఆ డ్యుటీరియం ఉన్న నీటిని వేరుచేసి అణు రియాక్టర్లకి ఇవ్వడానికి.

నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే అప్పట్లో "బిజినెస్" అనేవాణ్ణి. ఇప్పుడు కాటా అనే చెప్తున్నాను. నాకు మోల్ నేర్పింది ఆ కాటానే మరి.