కీలులోకే మందు – ఎవరికి, ఎప్పుడు?

“వాచింది మోకాలైతే ఒళ్ళంతటికీ మందు ఎందుకు సిస్టర్? మోకాలికే వేయకూడదా?” కీళ్లవాతం ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఇది.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన శరీరంలోని రక్షణ శక్తే కీళ్ల లోపలి పొరపై దాడి చేస్తుంది. పొర వాచి, క్రమంగా ఎముకను దెబ్బతీస్తుంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం ఈ జబ్బుకు మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చింది. కదలలేని రోగి కొద్ది రోజుల్లోనే నడిచారు. అయితే ఎక్కువ కాలం వాడితే ముఖం ఉబ్బడం, షుగరు, బి.పి. పెరగడం, ఎముకలు గుల్లబారడం వంటి చెడు ఫలితాలు బయటపడ్డాయి. 1951లో ఫిలడెల్ఫియాలోని డాక్టర్ జోసెఫ్ హాలెండర్ బృందం అదే జాతి మందును నేరుగా కీలులోకి ఇచ్చే పద్ధతిని వెల్లడించింది. ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

ఒకటి రెండు కీళ్లు బాగా వాచినప్పుడు ఈ సూది మేలు చేస్తుంది. ఉపశమనం కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ఉంటుంది. కీలులో చీము ఉన్నా, సూది గుచ్చే చోట చర్మంపై పుండు ఉన్నా వేయరు. సాధారణంగా ఒకే కీలుకు ఏడాదికి 3, 4 సార్లకు మించి వేయరు.

గుర్తుంచుకోండి:

• షుగరు ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. సూది తర్వాత కొన్ని రోజులు షుగరు పెరగవచ్చు. పరీక్ష చేయించుకోండి.

• 1, 2 రోజులు ఆ కీలుకు విశ్రాంతి ఇవ్వండి. బరువులు ఎత్తవద్దు.

• జ్వరం వచ్చినా, కీలు ఎర్రబడి నొప్పి పెరుగుతూ ఉన్నా అదే రోజు ఆసుపత్రికి రండి. ఆలస్యం చేయవద్దు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి. సూది ఆ ఒక్క కీలు వాపునే తగ్గిస్తుంది. జబ్బు శరీరమంతా ఉంటుంది. నొప్పి తగ్గిందని మెథోట్రెక్సేట్ మాత్రలు మానేస్తే మిగతా కీళ్లు లోలోపల పాడై, వేళ్లు వంకరపోతాయి. ఈ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణానికే ప్రమాదం. ఏ వారమో కేలండరుపై గుర్తు పెట్టుకోండి.

వాచిన కీలును వెతుక్కుంటూ వెళ్ళే అతి సూక్ష్మ కొవ్వు బుడగల్లో మందు నింపి పంపే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. కీళ్లవాతానికి అవి ఇంకా మామూలు వైద్యంగా రాలేదు. అంతవరకు మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు కొనవద్దు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానవద్దు. చీటీ తీసుకుని డాక్టరుగారి దగ్గరకు రండి.