ఎర్రకణం అతుక్కుంటే ఏమవుతుంది?

కణాల పైపొరమీద ఎన్నో రకాల ప్రోటీన్లు ఉంటాయి. ఇతర కణాలు పంపే సంకేతాలను అందుకునేవి కొన్నయితే, ఒక కణాన్ని మరొక కణానికి అంటిపెట్టేవి కొన్ని. గాయం మానాలంటే కణాలు అతుక్కోవాలి. రక్తంలో తిరిగే ఎర్రకణం మాత్రం నాళాల గోడలకు అతుక్కోకూడదు. అతుక్కుంటే కలిగే బాధ ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు తెలుసు.

అక్కడి గోండు తెగల్లోనూ, సరిహద్దుకు ఇవతల గోదావరి మన్యంలోని కోయల్లోనూ కొడవలి కణ వ్యాధి కనిపిస్తుంది. హీమోగ్లోబిన్ బీటా గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడమే దీనికి మూలం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఈ హీమోగ్లోబిన్ పోగులుగా పేరుకొని, గుండ్రని ఎర్రకణాన్ని కొడవలిలా వంచుతుంది.

వంకర కణాలు సన్నని నాళాల్లో ఇరుక్కోవడంవల్లే నొప్పి వస్తుందా? 1980లో అమెరికాలో రాబర్ట్ హెబెల్ బృందం, రక్తనాళాల లోపలిపొర కణాలను ప్రయోగశాలలో పెంచి, వాటిపై రోగుల ఎర్రకణాలను పరీక్షించింది. అవి మామూలు ఎర్రకణాలకంటే ఎక్కువగా అతుక్కున్నాయి. అతుక్కునే గుణం ఎక్కువగా ఉన్నవారిలో వ్యాధి కూడా తీవ్రంగా ఉంది. అంటే ఆకారంతోపాటు అంటుకునే స్వభావం కూడా ముఖ్యమే.

ఇక్కడే సంకేతాల పాత్ర వస్తుంది. ఇన్ఫెక్షన్ వంటి కారణాలతో వాపు సంకేతాలు అందగానే, నాళపు లోపలిపొర కణాలు తమలో దాచుకున్న పి-సెలెక్టిన్ అనే ప్రోటీన్‌ను నిమిషాల్లో పైకి తెస్తాయి. తెల్లకణాలు, కొడవలి కణాలు దానికి చిక్కుకుంటాయి. రక్తప్రవాహం ఆగి, ఎముకల్లో భరించలేని నొప్పి మొదలవుతుంది.

ఈ ప్రోటీన్‌ను అడ్డుకునే క్రిజాన్‌లిజుమాబ్ అనే మందును 2019లో అమెరికా అనుమతించింది. తరువాతి ప్రయోగంలో ఆశించిన మేలు కనిపించకపోవడంతో 2023లో ఐరోపా తన అనుమతిని రద్దుచేసింది. పాతదైన హైడ్రాక్సీయూరియా నేటికీ ప్రధానమైన మందు. ఇది పిండదశ హీమోగ్లోబిన్‌ను పెంచి, కణాలు వంగడాన్నీ, అతుక్కోవడాన్నీ తగ్గిస్తుంది.

మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతికితే, కొడవలి కణం 10 నుంచి 20 రోజులే ఉంటుంది. ఎముకమజ్జ నిరంతరం కొత్త కణాలను పెంచాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది మన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ పరిశోధకులే.

ఒక్క లోపపు జన్యువే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. తీవ్రమైన మలేరియానుంచి వారికి కొంత రక్షణ కూడా ఉంటుంది. మలేరియా ప్రాంతాల్లో ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం ఇదే. అటువంటి ఇద్దరు తల్లిదండ్రులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. 2023లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని సంకల్పించింది. పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకుంటే, ఈ లెక్క మనకు ముందుగానే తెలుస్తుంది.