తాళవాద్యములు: అభ్యాసకులకు గొన్ని సూచనలు

శ్రుతి తల్లి, లయ తండ్రి యని మన పెద్దలు చెప్పుదురు. హార్మోనియము మెట్లపై వ్రేళ్లు నడుపవలెనని కోరు బాలురు పెక్కండ్రు గలరు గాని, లయను క్రమముగా నభ్యసించువారు కొలదిమందియే. మా మొగల్తూరు ప్రాంతమున పెండ్లి యూరేగింపులలో డోలును డప్పును, భజనలలో డోలక్కును, ఆదివారపు కీర్తనలకు తబలాయును మ్రోగుచునే యుండును. వీనిని చేపట్టినవారికిని, చేపట్టగోరువారికిని ఉపయోగించునని తలంచి మాకు తెలిసిన సంగతులు కొన్ని యిచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పు నొకదాని నొప్పుకొందుము. కొన్ని సంవత్సరముల క్రిందట పాఠశాల వార్షికోత్సవమునకు తబలా వాయించు బాలుని వెదకుచుండగా, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి నిలిచెను. "ఎవరి యొద్ద నేర్చితివి?" అని యడిగితిమి. వాడు తల వంచుకొని, "మా నాయన డప్పు వాయిస్తారండి. ఆయన్ని చూసి నేర్చుకున్నానండి" అనెను. తరగతిలో గొందరు నవ్విరి. మేము వారిని మందలింపక, "డప్పు సంగతి యిక్కడ నెందుకు? తబలా మాట చెప్పుము" అంటిమి. నాటి సాయంకాలము అభ్యాసములో పాడువారు తొందరపడి ముందునకు పరుగెత్తిరి. వాని కాలము మాత్రము చెదరలేదు. తుదకు వారే వాని యొద్దకు మరలివచ్చిరి. ఆ నిలుకడ తండ్రి డప్పు వలన వచ్చినదని మాకప్పుడు బోధపడెను. మరునాడు తరగతి యెదుటనే మా మాటను వెనుకకు తీసికొంటిమి.

కావున మా మొదటి సూచన నిలుకడను గూర్చినదే. వేగముగా వాయించుట గొప్ప యని క్రొత్తవారు భ్రమపడుదురు. నిదానముగా వాయించుటయే కష్టము. గోడ గడియారపు సెకను ముల్లు నిమిషమునకు 60 మార్లు కదలును. అది జీతమడుగని గురువు. ఆదితాళమునకు 8 అక్షరములు గదా. సెకనునకొక యక్షరము చొప్పున చేతితో తాళము వేయుచు, "త, ది, తొం, నం" అను పాఠమును మొదట నోటితో పలుకుడు. అక్షరమునకొక దెబ్బ మొదటి కాలము, రెండు దెబ్బలు రెండవ కాలము, నాలుగు దెబ్బలు మూడవ కాలము. దెబ్బలు పెరిగినను తాళము వేయు చేయి తొందరపడరాదు. నోట నిలువని పాఠము చేత నిలువదు.

రెండవది దేహస్థితి. వెన్ను నిటారుగా నుంచి, భుజములను సడలించి కూర్చుండవలెను. బలము మణికట్టు నుండియు వ్రేళ్ల నుండియు రావలెను గాని భుజము నుండి కాదు. ఎడమచేయి స్వభావముగా బలహీనమైనవారు దానికి దినమునకు పావుగంట ప్రత్యేకముగా నియ్యవలెను. నొప్పి పుట్టినచో నాపుడు; నొప్పితో వాయించుట పౌరుషము కాదు. గొప్ప ధ్వనిపెట్టెల ప్రక్కన గంటలకొలది కూర్చున్నచో వినికిడి తగ్గును, తగ్గినది మరల రాదు. కావున వానికి దూరముగా కూర్చుండుడు.

మూడవది వినుట. వాద్యకారుడు పాటకు తోడు గాని పోటీదారుడు కాడు. మాట పలుకుచోట తగ్గి, విరామమున నిండి, పల్లవి మరలుచోట ముందుగానే సిద్ధపడవలెను. పాట సాహిత్యమును కంఠస్థము చేసినవానికి ఈ విద్య సులభమగును.

నాలుగవది వాద్యసంరక్షణ. మృదంగపు కట్టె సాధారణముగా పనసది. దాని కుడిమూతపై నల్లని కరణి యుండును. ఎడమమూతకు వాయించుటకు ముందు తడిపిన రవ్వముద్ద నంటింతురు; ముగియగానే దానిని గీకి తుడువవలెను, లేనిచో చర్మము చెడును. అంచునందలి యల్లికను పైనుండి కొట్టిన శ్రుతి హెచ్చును, క్రిందినుండి కొట్టిన తగ్గును. సముద్రమునకును కాలువలకును చేరువనున్న మన సీమలో గాలి తడిగా నుండుటచే వానకాలమున చర్మములు సడలును. డప్పును గడ్డిమంటపై కాచుదురు. మృదంగమును తబలాను అట్లు కాచరాదు, గుడ్డ చుట్టి పొడిచోట నుంచవలెను.

ఐదవది జీవనోపాధి. సంభావన యెంతయో, దారిఖర్చు లెవరివో ముందుగానే మాటాడుకొనుడు. అరగంట ముందుగా చేరుడు. త్రాగి వాద్యము ముట్టకుడు. ఆషాఢమున పెండ్లిండ్లుండవు, మాఘమున వచ్చిన సొమ్ము ఆషాఢమునకు మిగులవలెను. చదువు మానకుడు. క్రమముగా నేర్వదలచువారికి విజయనగరమున 1919లో స్థాపింపబడిన సంగీత కళాశాల గలదు. ఈ విద్య బాలురకే యని బాలికలు వెనుదీయవలదు. ఏలూరున జన్మించిన దండమూడి సుమతి గారు మృదంగ విద్యకు 2021లో పద్మశ్రీ నందిరి.

కడపటి మాట గౌరవమును గూర్చినది. ఒకప్పుడు డప్పు కొట్టుట కొన్ని కులములవారిపై మోపబడిన వెట్టి. ఆ వెట్టిని మనవారు విడుచుట న్యాయమే; సిగ్గు వెట్టి పెట్టినవారిది గాని వాద్యమునది గాదు, వాయించినవారిదియు గాదు. తబలాకు గాని, డప్పునకు గాని, కచేరీలో పూజలందుకొను మృదంగమునకు గాని చర్మమే ప్రాణము. పాల్ఘాటు మణి అయ్యరు (1912–1981) గారి మృదంగములను సిద్ధపరచిన పర్లాందు గారు దళిత క్రైస్తవ కుటుంబీకులు. అట్టి శిల్పుల చరిత్రను టి. ఎం. కృష్ణ గారు 2020లో "సెబాస్టియన్ అండ్ సన్స్" అను గ్రంథముగా ప్రకటించిరి. వాయించినవారి పేరు లోకమెల్ల నెరుగును. కట్టినవారి పేరు తెలిసికొనుటకు ఇంతకాలము పట్టినది.

మీ వాద్యమును కట్టినవారి పేరు మీకు తెలియునా? తెలియనిచో నడిగి తెలిసికొనుడు. మా విద్యార్థి తరువాతి వార్షికోత్సవమునకు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన డప్పు మా వేదికపై మ్రోగినది. నాడు నవ్విన బాలురే ముందు వరుసలో కూర్చుండి తాళము వేసిరి.